వేణువు నేర్పు పాఠము

పిల్లనగ్రోవి చూచుటకు మిక్కిలి సులభమైన వాద్యము. దానికి తంత్రులు లేవు, మెట్లు లేవు, బిగింపవలసిన చర్మము లేదు. ఒక చివర మూయబడిన వెదురుగొట్టము, ఊదుటకు ఒక రంధ్రము, వ్రేళ్లతో మూయుటకును తెరచుటకును మరికొన్ని రంధ్రములు, ఇంతియే దాని నిర్మాణము. తీర్థములలోను తిరునాళ్లలోను కొద్ది పైకమునకు లభించును, చేతిసంచిలో ఇముడును. అందుచేతనే సంగీతమునందు అభిరుచి గల విద్యార్థులు, ఉద్యోగులు, పనినుండి విశ్రాంతి పొందిన పెద్దలు, వీణకును వయొలిన్‌కును తీరిక చాలదని తలచి, వేణువునైన నేర్చుకొందమని దీనిని చేపట్టుచుందురు. మొదటి దినముననే వారికి ఒక ఆశ్చర్యము కలుగును. ఎంత ఊదినను గాలి వచ్చునే గాని నాదము రాదు.

ఇట్లు ప్రారంభించినవారిలో పలువురు కొన్ని మాసములలోనే దానిని విడిచిపెట్టుదురు. వేణువు అటుకెక్కును. "ఈ వయస్సున మనకేమి వచ్చును? వచ్చినను ఏ సభలో వాయింపవలెను?" అని తమ్ము తాము సమాధానపరచుకొందురు. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. జీవనోపాధి కొఱకు గాక, కీర్తి కొఱకు గాక, కేవలము ప్రీతిచే ఒక వాద్యమును అభ్యసించువానికి ఆ శ్రమ ఏమి ఇచ్చును? దానికి సమాధానము వాద్యమునందే ఉన్నది. అయితే ముందుగా ఆ వాద్యము పలుకు విధమును తెలిసికొనవలెను.

నాదము పుట్టు విధము

వేణువునందు నాదమునకు మూలము వెదురు కాదు, దానిలోని గాలిస్తంభము. పెదవుల నడుమనుండి సన్నని ధారగా వెడలిన శ్వాస ముఖరంధ్రపు ఆవలి అంచునకు తగిలినపుడు, ఆ ధార ఒకమారు రంధ్రము లోనికిని ఒకమారు వెలుపలికిని ఊగులాడును. ఆ ఊగులాట గొట్టములోని గాలిని కంపింపజేయును. ఆ కంపనమే నాదముగ వినబడును. గొట్టము పొడవైన కొలది స్వరము మంద్రమగును. వ్రేలెత్తి రంధ్రమును తెరచినచో కంపించు గాలిస్తంభము పొట్టిదై స్వరము హెచ్చును. వ్రేళ్లను కదపకయే శ్వాసధార వేగమును పెంచినచో, అదే స్వరము పై స్థాయిలో పలుకును.

దీనినిబట్టి నాదమునకు కావలసినది బలము కాదనియు, దిశ అనియు తేలుచున్నది. క్రొత్తవాడు ఈ సంగతి ఎఱుగడు. బుగ్గలు పూరించి, రొమ్ములోని గాలినంతయు ఒక్కసారిగా వెడలగ్రక్కును. దానిలో పెక్కుభాగము రంధ్రముపైనుండి దాటిపోవును. కొంతసేపటికి వానికి తల తిరిగినట్లగును. మితిమీరి శ్వాసను విడుచుటచేత రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గుటయే దానికి కారణము. అట్టి సమయమున వేణువును ప్రక్కన ఉంచి, కొన్ని నిమిషములు సహజముగ ఊపిరి పీల్చుచు కూర్చుండవలెను. తల తిరుగుట శ్రద్ధకు గుర్తు కాదు. శ్వాస వ్యర్థమగుచున్నదనుటకు గుర్తు.

సరియైన మార్గము ఇది. వెన్ను నిటారుగ ఉంచవలెను. మెడ వంచరాదు. పెదవులను కొంచెము సాగదీసి, నడుమ బియ్యపుగింజ దూరునంత సందు మాత్రము ఉంచవలెను. వ్రేళ్ల సంగతి అప్పుడే తలపెట్టక, రంధ్రములన్నియు తెరచియుంచి, మెల్లగా ఊదుచు, వేణువును ఒకింత లోనికిని ఒకింత వెలుపలికిని త్రిప్పి చూడవలెను. ఒకానొక కోణమున హఠాత్తుగా నాదము పలుకును, మరుక్షణముననే మాయమగును. ఆ కోణమును మరల వెదకవలెను. ఎదుట అద్దమున్నచో పెదవుల స్థితి తెలియును. మొదటి వారమంతయు ఈ వెదకుటతోనే గడచినను విచారింప పనిలేదు. ఇతర వాద్యములలో నాదము తంత్రియందో చర్మమునందో ముందే సిద్ధముగ నుండును. ఇచ్చట వాదకుని శ్వాసయే ఆ తంత్రి. దానిని వాడే శ్రుతిచేసికొనవలెను.

అభ్యాసమునకు మూడు లక్షణములు

అభ్యాసము దృఢమగుటకు పతంజలి మహర్షి యోగసూత్రములలో మూడు లక్షణములను నిరూపించెను. అది దీర్ఘకాలము సాగవలెను; నడుమ తెంపు లేక సాగవలెను; ఆదరముతో సాగవలెను. ఆయన చెప్పినది చిత్తమును నిలుపు సాధన విషయము. అయినను వేణువు పట్టినవానికి ఈ మూడును అక్షరాల వర్తించును.

మొదటిది దీర్ఘకాలము. పెదవుల చుట్టును ఉండు సన్నని కండరములకును, వ్రేళ్ల కొనలకును, చెవికిని శిక్షణ కావలెను. ఇది బుద్ధితో గ్రహించినంతమాత్రమున ముగియునది కాదు. పాఠము తెలిసినది గదా అని తొందరపడువానికి, తెలియుట వేఱు, దేహమునకు అలవడుట వేఱు అని వేణువు ప్రతిదినమును జ్ఞాపకము చేయును. చదువుకొన్న పెద్దలకు ఈ పాఠము పిల్లలకంటె కష్టమైనది. తెలిసిన విషయము చేతికి రాకుండుటను పిల్లవాడు సహించును, పెద్దవాడు సిగ్గుపడును.

రెండవది నైరంతర్యము. ఆదివారమున రెండు గంటలు ఊదుటకంటె దినమునకు ఇరువది నిమిషములు ఊదుట మేలు. దీర్ఘసాధనచే అలసిన పెదవి తప్పు స్థితికి జారును. ఆ తప్పే అలవాటగును. కొలదికాలమైనను ప్రతిదినము చేయు సాధనలో, నిన్నటి స్థితి మరపునకు రాకముందే నేటి సాధన దానిని అందుకొనును. ఆ ఇరువది నిమిషములలో సగము కాలము ఒకే స్వరమునకు ఈయవలెను. తంబుర నాదమును ప్రక్కన పెట్టుకొని, ఒక్క శ్వాసలో ఒక్క షడ్జమును, మొదటినుండి చివరవరకు వణకకుండ, హెచ్చుతగ్గులు లేకుండ నిలుపవలెను. పిమ్మట పంచమము, పిమ్మట పై షడ్జము. చూచువారికి ఇది విసుగైన పని. కాని ఆ ఒక్క దీర్ఘస్వరములోనే వాదకుడు తన్ను తాను చూచుకొనగలడు. మనస్సు అటు తిరిగిన క్షణమున స్వరము క్రుంగును. తొందర కలిగిన క్షణమున స్వరము పైకెగయును. వేణువు దాచదు.

మూడవది ఆదరము. వాద్యముపట్ల ఆదరము చిన్న పనులలో వెల్లడియగును. సాధన ముగిసిన పిదప లోపలి తడిని మెత్తని గుడ్డతో తుడువవలెను. ఎండలో ఉంచరాదు; ఎండిన వెదురు నిలువునా పగులును. చివరలందు దారము చుట్టుట ఆ పగులును నివారించుటకే. అప్పుడప్పుడు కొంచెము నూనె పూయుట మంచిది. చల్లని వేణువును పట్టిన వెంటనే తంబురతో సరిపోల్చి, శ్రుతి తగ్గినదని కంగారుపడరాదు. వెచ్చని గాలిలో ధ్వని వేగము హెచ్చును. ఉష్ణోగ్రత ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ పెరిగినచో సెకండునకు సుమారు 0.6 మీటరు పెరుగును. కాబట్టి కొన్ని నిమిషములు మెల్లగా ఊదగా గొట్టము వెచ్చబడి, శ్రుతి తానే కొంత పైకి వచ్చును. వేచియుండుటయు సాధనలో భాగమే.

వ్రేళ్లును చెవియును

కర్ణాటక సంగీతమున వాడు వేణువునకు సాధారణముగ ముఖరంధ్రము గాక ఎనిమిది రంధ్రములుండును. ముఖరంధ్రమునకు దగ్గఱనున్న మొదటి రెండు రంధ్రములను మూసి ఊదగా షడ్జము పలుకును. హిందూస్థానీ బాఁసురీలో వ్రేళ్లకు ఆరు రంధ్రములు ముఖ్యము. అచ్చట మూడు మూసి షడ్జమును పలికింతురు. కావున ఒక పద్ధతిలో ప్రారంభించినవాడు రెండవ పద్ధతి పుస్తకమును ముందుంచుకొన్నచో కలత చెందును. ఏదియో ఒక దానియందే నిలువవలెను.

పురందరదాసులవారు (1484–1564) ఏర్పరచిరని సంప్రదాయము చెప్పు సరళీవరుసలు మాయామాళవగౌళ రాగమున నేర్పబడును. కంఠమునకు ఇది మిక్కిలి అనుకూలము. కాని కర్ణాటక వేణువునందు రంధ్రములను నిండుగ మూసి, నిండుగ తెరచి వాయించినపుడు సహజముగ వచ్చునది హరికాంభోజి మేళము. మాయామాళవగౌళకు కావలసిన శుద్ధరిషభమును, శుద్ధధైవతమును రంధ్రమును సగము మాత్రమే మూసి సాధింపవలసియుండును. వ్రేలిని ఎంత జరిపిన ఆ స్వరస్థానము సరిగ పలుకునో కంటికి తెలియదు, చెవియే చెప్పవలెను. ఈ కారణముచేత కొందఱు గురువులు మొదట హరికాంభోజిలోనో శంకరాభరణములోనో వరుసలు చెప్పి, చెవి కుదిరిన పిమ్మట మాయామాళవగౌళకు వత్తురు. ఏ మార్గమైనను, స్వరమును ముందు గొంతుతో పాడి పిమ్మట ఊదుట ఉత్తమము. పాడలేని స్వరమును వ్రేళ్లు ఊహతో వెదకుచుండును. పాడిన స్వరమును ఎఱిగి చేరును.

హార్మోనియమును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. అదియును వాయువాద్యమే. తిత్తిలోని గాలి లోహపు నాలుకలను కదలించుటచే అది పలుకును. మెట్టు నొక్కినంతనే స్వరము సిద్ధము. భజనలకును, చిన్నపిల్లలకును అది ఎంతయో ఉపకరించినది. కాని దాని స్వరములు ముందే స్థిరపడియుండును. గమకమునకు అందులో తావు లేదు. ఈ లోపమును పురస్కరించుకొనియే 1940 నుండి 1971 వఱకు ఆకాశవాణి దానిని నిషేధించినది. హార్మోనియముతో మొదలిడినవానికి స్వరము త్వరగా లభించును గాని, చెవి నిద్రించుచు ఉండవచ్చును. వేణువునందు స్వరము ఆలస్యముగ లభించును. కాని లభించునప్పటికి చెవి మేల్కొనియుండును. ఎవరికి ఏది తగునో వారు నిర్ణయించుకొనవలెను. వయొలిన్‌కు మెట్లు లేవు గనుక అదియు వేణువువలెనే చెవిని మేల్కొల్పును. వీణకు 24 మెట్లు దారి చూపును. అయినను తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికించునపుడు అచ్చటను చెవియే ప్రమాణము.

నేటి కాలమున పాఠములను యంత్రములలో చూచియు, వినియు నేర్చుకొను వసతి కలదు. తంబుర నాదము సైతము చేతిలోని ఫోనులో లభించును. ఈ సాధనములు దూరదేశములందున్నవారికి గొప్ప సహాయము. అయినను పెదవి ఏ మాత్రము ప్రక్కకు ఒరిగినదో, భుజము ఎందుకు బిగిసినదో చూచి సరిదిద్దువాడు ఎదుట నొకడు ఉండవలెను. మాసమున కొక్కసారి యైనను గురుసన్నిధి దొరకునట్లు చేసికొనుట మేలు.

మరల మొదటి పాఠమునకు

వేణువు ఒకప్పుడు గోపాలకుల వాద్యముగను, కచ్చేరీలో ప్రక్కవాద్యముగను మాత్రమే ఎన్నబడెను. కర్ణాటక సంగీతమున దానికి ప్రధానస్థానమును సంపాదించినవారు కుంభకోణము శరభశాస్త్రిగారు (1872–1904). ఆయన బాల్యముననే చూపు కోల్పోయినవారు. వ్రేళ్లను చూచుకొనకయే ఆయన సాధించిన విద్యను తలచుకొన్నచో, కన్నులు మూసికొని సాధన చేయుటలోని లాభము క్రొత్తవానికి బోధపడును. హిందూస్థానీ సంగీతమున అట్టి గౌరవమును వేణువునకు చేకూర్చినవారు పన్నాలాల్ ఘోష్ (1911–1960). మంద్రస్థాయి గంభీరముగ పలుకుటకై ఆయన సుమారు 32 అంగుళముల పొడవు గల వేణువును ప్రవేశపెట్టిరి. అప్పటికే దేశమున ప్రసిద్ధి చెందియుండియు, 1947వ సంవత్సరమున, 36 ఏండ్ల వయస్సున, ఆయన అల్లాఉద్దీన్ ఖాన్‌గారి యొద్ద శిష్యుడై కూర్చుండిరి.

హరిప్రసాద్ చౌరాసియాగారి వృత్తాంతము ఇంతకంటె ఆశ్చర్యకరము. 1938లో జన్మించిన ఆయన కటక్ ఆకాశవాణిలో వేణువాదకుడుగ ఉద్యోగము చేసి, చిత్రసంగీతమునందును పేరు గడించిన పిదప, అల్లాఉద్దీన్ ఖాన్‌గారి కుమార్తెయైన అన్నపూర్ణాదేవిని ఆశ్రయించిరి. ఆమె వాద్యము సుర్‌బహార్, వేణువు కాదు. నేర్చినదంతయు విడిచి మరల మొదటినుండి ప్రారంభింపవలెనని ఆమె నియమము. తన దృఢనిశ్చయమునకు నిదర్శనముగ ఆయన అంతవఱకు కుడివైపునకు పట్టుచుండిన వేణువును ఎడమవైపునకు మార్చి పట్టిరి. వ్రేళ్లకు అలవాటైన దానినంతయు తానే రద్దుచేసికొని, పసివానివలె మొదటి స్వరమును వెదకికొనిరి.

తెలుగునాట ఇట్టివారు లేకపోలేదు. ప్రకాశము జిల్లా కరవదిలో నాదస్వర విద్వాంసుల కుటుంబమున పుట్టిన షేక్ చిన్నమౌలానాగారు (1924–1999) స్వయముగ వాదకులైయుండియు, తంజావూరు బాణీ మాధుర్యమునకు ఆకర్షితులై, తమిళదేశమునకు పోయి, నాచ్చియార్‌కోవిల్ సోదర విద్వాంసుల యొద్ద మరల శిష్యరికము చేసిరి. పిమ్మట శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీతకళానిధి బిరుదమును అందుకొనిరి.

ఈ మహావిద్వాంసుల సాధనకును, సాయంకాలము ఇంటికి వచ్చి ఇరువది నిమిషములు ఊదుకొను ఉద్యోగికిని పోలిక ఎక్కడిది అని అడుగవచ్చును. ప్రతిభలో పోలిక లేదు. కాలములో పోలిక లేదు. ఒక్క విషయమున మాత్రము కలదు. వారు కీర్తినంతయు ప్రక్కనబెట్టి, పట్టుదలతో సంపాదించుకొన్న స్థితి యేదియో, ఔత్సాహికునకు అది మొదటినుండియు ఉచితముగ లభించియున్నది. అది ప్రారంభకుడుగ ఉండగలుగు స్థితి. వాడు పోగొట్టుకొనవలసిన పేరు లేదు. తప్పు స్వరము పలికినచో చిన్నబోవు సభ లేదు. షడ్జమును వేయిమారులు వెదకినను అడ్డగించువారు లేరు.

ఔత్సాహికునకు కలుగు అపాయము

ఈ స్వాతంత్ర్యమునకు ప్రక్కనే ఒక అపాయము పొంచియున్నది. తప్పు పట్టువారు లేనందున తప్పే ఒప్పుగ స్థిరపడవచ్చును. నాలుగు వరుసలు వచ్చినంతనే పాట పలికింపవలెనని ఆశ పుట్టును. పండుగనాడు బంధువులు కూడిన చోట ఒక చలనచిత్రగీతము ఊదగా అందఱు మెచ్చుకొందురు. అది మొదలు సాధన ఆ మెప్పును వెంబడించును, దీర్ఘస్వరము మూలబడును. ఆరు మాసముల పిదప, మెచ్చుకొన్నవారు మరొక దానిని మెచ్చుకొనుచుందురు. చేతిలో మిగిలినది సరిగ పలుకని వేణువు.

అధికారముగాని, ప్రశంసగాని స్వరమును సరిదిద్దలేవు. ప్రష్యా దేశమునేలిన రెండవ ఫ్రెడరిక్ రాజు (1712–1786) ఐరోపా వేణువును అభిమానముతో అభ్యసించిన ఔత్సాహికుడు. యౌవనమున తండ్రికి ఇష్టము లేకున్నను చాటుగ నేర్చెను. రాజైన పిదప తన గురువగు క్వాంట్జ్‌ను ఆస్థానమునకు రావించుకొనెను. వేణువు కొఱకు నూటికి పైగా రచనలు చేసెను. రాజు వాయించునపుడు మెచ్చుకొను అధికారము ఆస్థానమున క్వాంట్జ్ ఒక్కనికే ఉండెడిదనియు, నచ్చనిచోట ఆయన మౌనము వహించెడివాడనియు చెప్పుదురు. సేనలను శాసించిన రాజు ఆ మౌనమునకు లోబడెను. వార్ధక్యమున పండ్లు రాలి, వ్రేళ్లు బిగిసినపుడు వేణువును విడిచిపెట్టక తప్పలేదు. దేహము ఇచ్చిన వసతిని దేహమే ఒకనాడు వెనుకకు తీసికొనును. ఔత్సాహికుడు ఈ సత్యమును ముందే గ్రహించుట మేలు. రేపటి సభకొఱకు గాక, నేటి స్వరముకొఱకు ఊదువానికి ఆ దినము వచ్చినపుడు పోవునది వాద్యము మాత్రమే. అలవడిన ఏకాగ్రత పోదు.

గృహస్థుడు మరొక విషయమును గమనింపవలెను. క్రొత్తవాని ఊపిరి శబ్దము ఇంటివారికి మధురము కాదు. పరీక్షలకు చదువుకొను బిడ్డలును, అస్వస్థతతో నున్న వృద్ధులును ఉన్న యింట, తన సాధనకు తగిన వేళను, మూలను వెదకికొనుట వాని ధర్మము. ఇంటి పనిని తప్పించుకొనుటకు వేణువును అడ్డుపెట్టుకొనువానికి నాదము పలుకవచ్చునేమో గాని, శాంతి లభింపదు. పని ముగించి, చేతులు కడుగుకొని, నిశ్చింతగ కూర్చుండువాని ఇరువది నిమిషములు నిజముగ ఇరువది నిమిషములగును.

ఫలము

"ఏ సభలో వాయింపవలెను?" అని మొదట వేయబడిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము దొరకును. శ్వాస పుట్టినది మొదలు ప్రతిమానవునకు తోడైయున్నది. కోపము వచ్చినపుడు అది వేగిరపడును. భయము కలిగినపుడు కుంచించుకొనును. సాధారణముగ వాడు దానిని గమనింపనైన గమనింపడు. వేణువు పట్టినవాడు ఆ శ్వాసకు ఒక శబ్దరూపమును కల్పించి, తన చెవితో తానే వినుచున్నాడు. దానిని ఎంత విడువవలెనో, ఎంత ఆపవలెనో, ఎచ్చటికి పంపవలెనో దినదినము నేర్చుచున్నాడు. ఒక్క స్వరమును ఒక్క శ్వాసకాలము కదలక నిలిపినవాడు, ఆ కాలమంతయు తానును కదలక నిలిచినట్లే. వినుటకు వేఱొకరు లేకున్నను ఆ నిలుకడ వానిదే.

కృతులు రావచ్చును, రాకపోవచ్చును. కొందఱికి పది సంవత్సరములకు రెండు మూడు కీర్తనలు మాత్రమే చక్కగ పలుకును. అంతటితో తృప్తి చెందువాడు నష్టపోయినవాడు కాడు. ఇట్టివాడే విద్వాంసుని వేణునాదమును వినుటకు పోయినపుడు, ఇతరులు చప్పట్లు కొట్టు వేగమైన స్వరకల్పనలయందు గాక, ఆలాపన తొలిభాగమున నిలిచిన ఒక దీర్ఘషడ్జమునందు కన్నులు మూసికొనును. దాని వెనుకనున్న సంవత్సరములు వానికి తెలియును.

కనుక అటుకుపై నుంచిన వేణువును మరల దింపి, ధూళి తుడిచి, పగులు ఉన్నదేమో చూచి, తంబుర శ్రుతిలో కూర్చుండుట మంచిది. పూర్వము వచ్చిన పాటను వెంటనే ఆశింపక, రంధ్రములన్నియు తెరచి, బియ్యపుగింజంత సందునుండి ఒక్క శ్వాసను మెల్లగ విడువవలెను. మొదటిమారు గాలియే వచ్చును. మరల విడువవలెను.